డిండోలిలో ఒక యుద్ధ ట్యాంకు

ఆ రోజుల్లో డిండోలిలోని మా తెలుగు మండలి జెండా పండుగకు ఒక యుద్ధ ట్యాంకు వచ్చిందని మీరు ఎక్కడైనా విని ఉంటే, దయచేసి విన్నదంతా మరిచిపోండి. ఆ కథ ఆ నోటా ఈ నోటా తిరిగి బాగా పాడైపోయింది. మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర పక్క పంక్తిలో ఎవరో చెబుతుంటే నా చెవులతో విన్నాను: అది నిజం ట్యాంకేనట, ఉధనా స్టేషను దాకా గూడ్సు బండిలో వచ్చిందట. ఆ పక్కాయన అది పేలింది కూడా అన్నాడు. మా కాక అయితే తన కళ్ల ముందే పేలిందన్నాడు (ఆ ఉదయమంతా ఆయన ఇంట్లో నిద్రపోతున్నాడు). ఇలాగే వదిలేస్తే ఇంకొన్నాళ్లకు మా మండలి ఏ దేశం మీదో దండయాత్రకు వెళ్లిందని కూడా చెబుతారు. అసలు ఆ ట్యాంకు జానెడు పొడవుది. ప్లాస్టిక్‌ది. దాన్ని తయారు చేసింది నేను. అది ఎవరివల్ల ఏమైందో, దానివల్ల ఏం మిగిలిందో జరిగింది జరిగినట్టు రాసిపెట్టాల్సిన బాధ్యత కూడా అందుకే నా మీదే పడింది.

నేను అప్పుడు ఖటోదరాలో ఒక సాంచాల ఖాతాలో పని చేసేవాణ్ని. (సాంచా అంటే మరమగ్గం. ఖాతా అంటే అవి నడిచే షెడ్డు.) కరీంనగర్ వైపు నుంచి ఈ గుజరాతీ నగరానికి పనికోసం వచ్చిన అందరి లాగే నేనూ ఒక బంధువు ఇంట్లో దిగాను. డిండోలిలో మా చిన్నమ్మ, కాక ఉండే ఇల్లు అది. బడి చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది గాని చదవడం ఆగలేదు. సెలవు దొరికితే మునిసిపాలిటీ లైబ్రరీకి వెళ్లి, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఇంగ్లీషు పుస్తకాలతో కుస్తీ పట్టేవాణ్ని. ఒక పేజీ అయ్యేసరికి ఒక పూట గడిచేది. అలా సంపాదించిన జ్ఞానాన్ని మర్నాడు సాంచాల చప్పుడులో గొంతు చించుకుని తోటివాళ్లకు పంచేవాణ్ని. ఆ హోరులో ఎవరికీ ఒక్క ముక్క వినబడేది కాదు. అది వాళ్ల దురదృష్టమని జాలిపడేవాణ్ని. అందరూ నన్ను 'లైబ్రరీ' అని పిలిచేవారు. అది వెక్కిరింపని తెలిసింది చాలా ఆలస్యంగా. అప్పటికి నేను దాన్ని బిరుదుగా వాడేసుకున్నాను.

లోకంలో ఏ పనైనా పుస్తకం చూసి చేసేయవచ్చని నా నమ్మకం. (పుస్తకం చదివి తాపీ నదిలో ఈతకు దిగిన సంగతి ఇక్కడ అనవసరం. నన్ను బయటికి లాగినవాళ్లు ఏ పుస్తకమూ చదవలేదన్నది కూడా అనవసరం.)

మండలి అంటే ఒక గది, ఒక బోర్డు, ఒక ఇనుప బీరువా. ఊళ్లకు తిరిగి వెళ్లిపోయేవాళ్లు, ఇల్లు మారేవాళ్లు వదిలేసిన తెలుగు పుస్తకాలన్నీ ఆ బీరువాలో చేరాయి. భక్తి, పశువైద్యం, అటూ ఇటూ పేజీలు పోయిన నవలలు, ఎవరికీ పట్టని ఇంగ్లీషువి కొన్ని. దానికి లైబ్రేరియన్‌ని నేనే. నన్ను ఎవరూ నియమించలేదు, తీసేయడానికి కూడా ఎవరికీ తోచలేదు. తాళంచెవి మా ఇంట్లో గోడ మేకుకు వేలాడేది. బీరువా తెరిచి, దుమ్ము దులిపి, నాకు నేనే ఒక పుస్తకం ఇచ్చుకుని, గడువు దాటితే నన్ను నేనే మందలించుకుని వచ్చేవాణ్ని. డిండోలిలో చదివేవాళ్లు నేను తప్ప ఎవరూ లేరని ఒక బాధ. ఆ బాధలో కొంచెం గర్వం.

మండలికి పెద్ద మా ప్రెసిడెంటు మామ. ఖాతాలకు పనివాళ్లను కుదిర్చే మనిషి, ఎవరికి కష్టమొచ్చినా ముందుండే మనిషి. కాని పుస్తకం చేతికిస్తే తూకం వేసి చూసే రకం. ఆ ఏడు మండలి పెళ్లిళ్లకూ బోనాలకూ పనికొస్తాయని పెద్ద పెద్ద వంట గిన్నెలు, గుండిగలూ, బగోనాలూ కొన్నది. గదిలో వాటికి కాళ్లు తగిలి పడనివాడు లేడు. ఒక సెలవు రోజు మామ బీరువా ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"లైబ్రరీ, గీ బీరువా ఖాళీ జెయ్యాలె. బగోనాలకు జాగ లేదు."

"బగోనాలు కింద పెట్టుకోవచ్చు గద మామా."

"కింద వెడ్తె ఎలుకలొస్తున్నయ్. మరి పుస్తకాలు వెడ్తె ఎవలొస్తున్రు? నువ్వొక్కనివి. గా ఎలుకలే నయం, నలుగురు కలిసొస్తయ్."

"చదువుతోటే గద మామా లోకం నడిచేది?"

"లోకం కరెంటుతోటి నడుస్తది. మొన్న కరెంటు వోతె నీ పుస్తకం జూపెట్టి సాంచా నడిపినవా?"

గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మొహం ఎలా పెట్టానో ఏమో, మామకే జాలేసింది.

"సరే విను. పంద్రా ఆగస్టుకు సుబేదార్ సాబ్‌ను పిలుస్తున్నం. గప్పటిదాంక టైమిస్త. పుస్తకం జూసి, పుస్తకంతోటే, నలుగురు ముక్కు మీద వేలేసుకునేటి చీజ్ ఒక్కటి చేసి చూపెట్టు. చేసినవనుకో, బీరువా పుస్తకాలది. లేకుంటె బగోనాలది. పుస్తకాలు రద్దీవానికి ఇస్త, మల్ల నన్ను అనొద్దు."

రద్దీవాడు అంటే పాత కాగితాలు కొనేవాడు. పశువైద్యంతో సహా నా బీరువా మొత్తం తక్కెడలో కూర్చున్నట్టు ఆ క్షణంలో కళ్లకు కట్టింది. "చేస్త మామా" అన్నాను. ఏం చేస్తానో నాకు తెలియదు.

ఆ ఏం అన్నదానికి జవాబు బీరువాలోనే దొరికింది. ఎవరో ఇంజనీరు వదిలేసి వెళ్లిన ఇంగ్లీషు పుస్తకం. చిన్న చిన్న యుద్ధ ట్యాంకుల నమూనాలు ఎలా అతకాలి, ఎలా రంగులు వేయాలి, వాటి చుట్టూ పలక మీద మట్టి, రాళ్లు, గడ్డి, సైనికులతో ఒక నిజమైన చోటు ఎలా సృష్టించాలి అని మొదటి నుంచి చివరి దాకా బొమ్మలతో చెప్పింది. అలా కూర్చిన దృశ్యాన్ని డయోరమా అంటారు. ముఖ్య అతిథి సైన్యంలో పనిచేసిన ఫౌజీ, పండుగ జెండాది, పుస్తకం ట్యాంకుది. ఇంతకంటే ఏం కావాలి? ఆ వారమే రవివారి బజారుకు, అంటే ఆదివారం సంతకు వెళ్లి, పాత బొమ్మల గుట్టలో చెయ్యి పెట్టి ఒక ట్యాంకు కిట్టు పట్టుకొచ్చాను. అట్ట మూత నలిగి ఉంది. లోపల సూచనల కాగితం నాకు రాని లిపిలో ఉంది. ఒక చక్రం లేదు. సైనికులు ఇద్దరున్నారు గాని తల ఒకడికే ఉంది. చక్రం బదులు పాత చొక్కా గుండీ పెట్టాను. తల లేనివాణ్ని ట్యాంకు మూతలోకి వంగి ఏదో వెతుకుతున్నట్టు అతికించాను. (ఈ ఉపాయం ఆ పుస్తకంలో లేదు. దీని గురించి అప్పుడు చాలా రోజులు గర్వపడ్డాను.)

మా ఖాతాలో నాకొక దోస్తు ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, ఒక్కచోట నిలవకుండా తిరిగేవాడు గనుక, మగ్గం నాడెలో అటూ ఇటూ తిరిగే నూలు పుల్ల పేరు పెట్టి, అందరూ వాణ్ని కండె అనేవారు. వాడు ముందే చెప్పాడు. "అరే, ఫోన్ల వీడియోలు ఉంటయ్ రా. జర సేపట్ల నేర్పిస్తరు. గా డిక్షనరీ ఎందుకు మోస్తవ్?"

"వీడియో చూసి చేస్తే గెలిచేది వీడియో. నాకు పుస్తకం గెలవాలె."

"నువ్వు గెలుస్తవో ఓడుతవో గని, గా ట్యాంకు మాత్రం పాపం రా" అన్నాడు కండె.

ఇల్లు ఒకే గది. అక్కడ పని సాగదు. మా ఖాతా మాస్టరు గుజరాతీ, నెమ్మదైన మనిషి. నూలు కట్టలు పెట్టే చిన్న గదిలో ఒక మూల బల్ల వాడుకోనిచ్చాడు. పని అయ్యాక అక్కడ కూర్చుని పుస్తకంలో చెప్పినట్టే ముక్కలు కత్తిరించి, అంచులు గీకి, బంక రాసి, చక్రాలు వరుసగా అతికించి, ఆరేదాకా కదపకూడదు అని రాసి ఉంటే చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. నేను కదపలేదు. కాని గోడకు అవతల వరుసగా సాంచాలు నడుస్తున్నాయి. ఆ అదురుకు ఆ బల్ల మీద ఏదీ నిలవదు. చాయ్ తాగడానికి బయటికి వెళ్లానో లేదో కండె కేక వినపడింది.

"లైబ్రరీ! ఉరికిరా! నీ బండి డ్రైవర్ లేకుంటనే పోతున్నది రో!"

వెళ్లి చూస్తే నిజమే. ట్యాంకు మెల్లగా, హుందాగా, ఒక పక్కకు ఒరిగి బల్ల అంచు దాకా నడుచుకుంటూ వచ్చేసింది. పడకముందే పట్టుకున్నాను. చక్రాలు మాత్రం ఆ అదురులో తలా ఒక దిక్కుకు తిరిగి, అలాగే గట్టిపడిపోయాయి. ఏ దేశం ట్యాంకూ అన్ని దిక్కులకూ ఒకేసారి వెళ్లదని కండె అన్నాడు. కొండల్లో అలా ఉంటేనే పట్టు దొరుకుతుందని నేను చెప్పాను. ఆ మాట ఏ పుస్తకంలో ఉందని వాడు అడగలేదు. అది వాడి మంచితనం.

తర్వాత రంగు. తలుపులకు వేసే ఆకుపచ్చ నూనె రంగు తెచ్చి, పలచగా కలిపి, రెండు పూతలు వేశాను. తడి రంగు మెరుస్తుంటే చూసి, తిండికి వెళ్లాను. ఆ రోజుల్లో మా ఖాతాలో కాటన్ కలిసిన నూలు నడిచేది. దాని నుంచి లేచే సన్నటి దూది నూగు గాలిలో ఎప్పుడూ తేలుతూ, మా జుట్టు మీదా, కనుబొమల మీదా వాలేది. ఆ గదిలో పనిచేసే మాకు అది గాలిలో ఒక భాగమే, అందుకే గుర్తు రాలేదు. తిరిగి వచ్చేసరికి ట్యాంకుకు బొచ్చు మొలిచింది. గొట్టం నుంచి తోక దాకా మెత్తగా, తెల్లగా, నిండుగా. మాస్టరు అటుగా వస్తూ ఆగి, కళ్లద్దాలు సర్దుకుని చూశాడు.

"ఆ శూ ఛే, భాయ్? ఘేటూ?"

ఇదేమిటి, గొర్రెనా అని గుజరాతీలో అడిగాడు. ట్యాంకు అని చెప్పాను. ఆయన దాని వీపు మీద వేలితో మెల్లగా నిమిరి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం కండె తన గడ్డం గీసుకునే బ్లేడు ఇచ్చాడు. ఇద్దరం కలిసి ట్యాంకుకు క్షవరం చేశాం. మళ్లీ రంగు వేయాల్సి వచ్చింది గనుక దాన్ని ఇంటికి తీసుకొచ్చేశాను.

ఇంట్లో చిన్నమ్మ సంగతి చెప్పాలి. ఆమె చీరలు మడతపెట్టే ఖాతాలో పని చేసేది. వచ్చిన ప్రతి చీరనూ వెలుతురులో పరిచి, ఎక్కడైనా డాగు ఉందేమో వెతకాలి. డాగు అంటే మరక. సాంచా నూనె చుక్క పడినా, తుప్పు గీత తగిలినా ఆ చీర సెకండు మాలు కింద వెళ్లిపోతుంది. ఎవరి చేతి నుంచి అలా వెళ్తే వాళ్లకు మాట పడుతుంది. మా వాళ్లలో సగం మంది ఆడవాళ్ల పని అదే. అందుకని చిన్నమ్మ కళ్లు లోకాన్ని చూసే పద్ధతే వేరు. పెళ్లికి వెళ్తే పెళ్లికూతురి ముఖం కంటే ముందు ఆమె కొంగు మీది పసుపు చుక్క కనపడేది. నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ నా చొక్కా జేబు మీద గోటితో గీకేది.

అటువంటి ఇంట్లో నేను ఆ పుస్తకంలోని చివరి అధ్యాయం మొదలుపెట్టాను. కొత్తగా మెరిసే ట్యాంకు అబద్ధం అని ఆ పుస్తకం సారాంశం. నిజమైన ట్యాంకు మట్టిలో దొర్లుతుంది, తుప్పు పడుతుంది, నూనె కారుతుంది. అవన్నీ ఉంటేనే చూసేవాడు నమ్ముతాడు. సరే, నమ్మించాలి. తుప్పుకు రంగు ఎందుకని, ఖాతాలో పారేసిన పాత చక్రం నుంచి అసలు తుప్పే గీకి తెచ్చాను. నూనెకు సాంచా గ్రీజే తెచ్చాను. ఇటుక పొడిలో బంక కలిపి మట్టి చేసి చక్రాల నిండా పూశాను. పలక మీద ఇసుక పోసి, ఇటుక ముక్కలు చల్లి, ఎండు గడ్డి నాటి, కూలిన గోడ ఒకటి లేపాను. పంద్రా ఆగస్టుకు ముందు రోజు మధ్యాహ్నానికి పూర్తయింది. దూరంగా నిలబడి చూస్తే నాకే ఒళ్లు జలదరించింది. సొంతంగా చేసుకున్నవాడి పొగడ్త అని కొట్టేయకండి. అది నిజంగా ఎక్కడో ఎడారిలో ఘోరమైన యుద్ధం చేసి వచ్చిన ట్యాంకులా ఉంది.

కండె వచ్చి చూసి, "యాక్సిడెంట్ ఎట్లయింది?" అన్నాడు. వాడి సంగతి వదిలేయండి. చిన్నమ్మ పని నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే దాని ముందు నిలబడిపోయింది.

"కొడుకా, గిదేనా రేపు తీస్కపోయేది?"

"గిదే చిన్నమ్మా."

"గిట్లనేనా?"

"గిట్లనే. అయిపోయింది."

"మొత్తం అయిపోయిందా? ఇంక ఏం జెయ్యవా?"

"ఇంక చెయ్యడానికి ఏం లేదు" అన్నాను, చేతులు తుడుచుకుంటూ, ఒక కళాకారుడి వినయంతో.

చిన్నమ్మ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పును నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను. తర్వాత రంగు కాగితాల తోరణాలు కట్టడానికి మండలికి వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి పలక మీద ఉతికిన తెల్లబట్ట కప్పి ఉంది. "దుమ్ము వడకుంట కప్పిన. పొద్దుగాల అందరి ముంగటనే తియ్యి, మంచిగుంటది" అంది చిన్నమ్మ. ఎంత ఆలోచన, ఎంత ప్రేమ అనుకుని కళ్లు చెమర్చాయి.

మర్నాడు జెండా ఎగిరింది. పిల్లలు పాడారు. సుబేదార్ సాబ్ మా పక్క సొసైటీలో ఉండే మరాఠీ పెద్దాయన. పింఛను తీసుకుంటున్నా నడక కవాతులోనే ఉండిపోయింది. ఆయన్ను, ప్రెసిడెంటు మామను, మండలి మొత్తాన్ని బల్ల ముందు నిలబెట్టి, నేను గొంతు సవరించుకున్నాను. డయోరమా అంటే ఏమిటో, దాని చరిత్ర ఏమిటో, నమూనా ముప్పై ఐదో వంతు అంటే అసలు ట్యాంకు ఎంత ఉంటుందో చెప్పుకుంటూ పోతున్నాను. వెనక నుంచి ఎవరో, "జర తొందర్గా తియ్యి బిడ్డా, లడ్డూలు పంచాలె" అన్నారు. బట్ట లాగాను.

చేతిలో బట్టతో ఇంకా దగ్గరికి వంగాను.

ఎడారి లేదు. పలక శుభ్రంగా కడిగి ఉంది. కూలిన గోడను ఎత్తి పారేశారు. అంచుల వెంట చీరలకు కుట్టే బంగారు రంగు లేసు అందంగా అతికించి ఉంది. మధ్యలో ట్యాంకు. తుప్పు లేదు, మట్టి లేదు, గ్రీజు లేదు, నేను రెండుసార్లు వేసిన రంగు లేదు. పుట్టినప్పటి బూడిద రంగు ప్లాస్టిక్కుతో తళతళా మెరుస్తోంది. తల లేని సైనికుణ్ని మూతలోంచి బయటికి తీసి, మెడ మీద చీర ముత్యం ఒకటి అతికించి, తోటివాడి పక్కన నిటారుగా నిలబెట్టారు. ఇక నిన్న సూటిగా శత్రువు వైపు చూసిన ట్యాంకు గొట్టం ఇప్పుడు ఏనుగు తొండంలా వంగి నేల వైపు చూస్తోంది.

సుబేదార్ సాబ్ వంగి, చేతులు వెనక కట్టుకుని, చుట్టూ తిరిగి చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"వాహ్! ఇన్‌స్పెక్షన్ కే దిన్ హమారీ గాడియాఁ ఐసీ హీ చమక్తీ థీ!" అన్నాడు. తనిఖీ రోజున తమ బళ్లన్నీ ఇలాగే మెరిసేవట. తర్వాత వేలు చూపించాడు. "లేకిన్ ఇస్ నాల్ కో క్యా హువా?"

గొట్టానికి ఏమైందని ఆయన ప్రశ్న, అది నాకూ తెలియదు. వెనక నుంచి కండె ముందుకొచ్చాడు.

"సాబ్, ఝండే కో సలామీ దే రహీ హై."

జెండాకు వందనం చేస్తోందట. సుబేదార్ సాబ్ ఒక్క క్షణం వాడి మొహం చూసి, గట్టిగా నవ్వి, పరేడ్లో ట్యాంకులు నిజంగానే అలా గొట్టం దించి వందనం చేస్తాయని అందరికీ చెప్పి, మడమలు కలిపి ట్యాంకుకు తిరిగి సెల్యూట్ కొట్టాడు. గది మొత్తం చప్పట్లు. నాకు ప్రాణం లేచి వచ్చింది. బీరువా వైపు ఒకసారి చూసుకున్నాను.

ప్రెసిడెంటు మామ మాత్రం చప్పట్లు కొట్టలేదు. "మొన్న నేను ఖాతాకొచ్చి జూసినప్పుడు బొచ్చుండె. నిన్న కండె జెప్పిండు, మట్టి వూసిండని. మరి ఇంత సాఫ్ ఎట్లయింది రా?"

"నేనే కడిగిన అన్నా" అంది చిన్నమ్మ, ఆడవాళ్ల వైపు నుంచి, సిగ్గూ గర్వమూ కలిసిన గొంతుతో. "గన్ని డాగులు పెట్టుకుని పెద్దమనిషి ముంగట ఎట్ల వెడ్తడు? పోరడు అలిసిపోయి ఇడిచిపెట్టిండనుకున్న."

"అగో!" అన్నాడు మామ. "సుబేదార్ సాబ్ మెచ్చింది సాఫ్‌ను. సాఫ్ జేసింది మా చెల్లె. నీ పుస్తకం జేసింది ఏంది? డాగులు. ఇగ నువ్వే జెప్పు లైబ్రరీ, పుస్తకంతోటి చేసి చూపెట్టుమన్న. గిండ్ల పుస్తకం ఎక్కడున్నది?"

న్యాయంగా చూస్తే ఆయన అన్నది నిజం. పుస్తకం చూసి నేను చేసినదంతా సబ్బు నీళ్లలో కాలువలోకి పోయింది. మామ బీరువా దగ్గరికి నడిచి, తలుపు బార్లా తెరిచి, ఒక పుస్తకాల కట్ట చేతుల్లోకి తీసుకున్నాడు. తూకం వేసినట్టు పైకీ కిందికీ ఆడించాడు.

"ఆగు అన్నా" అంది చిన్నమ్మ. "నేను సుత పుస్తకం జూసే కడిగిన."

ఆమె చంకలోని సంచిలో నుంచి అట్ట లేని పుస్తకం ఒకటి తీసింది. గృహవిజ్ఞానం. మా బీరువాదే. వెనక నా చేతిరాతతో వేసిన అంకె ఉంది. వేలు కింద పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు. నూనె రంగుకు కిరోసిన్. గ్రీజు మరకకు మరిగే నీళ్లు, సబ్బు.

"గా మరిగే నీళ్లకే గొట్టం వంగింది" అంది తలెత్తి. "ట్యాంకులకు ఉడుకు నీళ్లు వద్దని గిండ్ల రాయలే. నా తప్పేం లేదు."

ఆ తర్వాత జరిగింది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆడవాళ్లంతా బల్ల చుట్టూ మూగారు. ట్యాంకు కోసం కాదు.

"తుప్పుకు ఏమన్నది? మల్ల ఒక్కపారి సదువు అక్కా!"

"చాయ్ మరకకు ఉన్నదా?"

"గుట్కా మరకకు సూడు, గుట్కాకు! గా దుకాణపోళ్లు ఉమ్మిన చేతులతోటే చీరలు ముడ్తరు."

"మీ బీరువల గిసొంటియి ఉన్నయని ఎవలు జెప్పలేదేంది?"

(చెప్పాను. సాంచాల చప్పుడులో.)

మామ చేతిలో పుస్తకాల కట్ట అలాగే ఉండిపోయింది. ప్రెసిడెంటు అత్త, అంటే మామ భార్య, జనం మధ్య నుంచి తోసుకొచ్చి ఆ కట్ట లాక్కుని లోపల పెట్టేసింది. "బగోనాలు మనింట్ల బాల్కనీల వెట్టుకుందాం. దీని జోలికి రాకు" అంది.

"బాల్కనీల నేను కూసుంట గదనే!"

"గుండిగల కూసో. మస్తు పెద్దగున్నయ్."

బీరువా నిలబడింది అలా. అందరూ లడ్డూల వైపు మళ్లాక నేను చిన్నమ్మను పక్కకు పిలిచాను. అప్పటికి ట్యాంకు సంగతే మరిచిపోయాను.

"గీ పుస్తకం ఎప్పుడు తెచ్చినవ్ చిన్నమ్మా?"

"గిదొక్కటే గాదు కొడుకా. చానా తెచ్చిన, చానా సదివిన, మల్ల ఆడనే వెట్టిన. తాళంచెయ్యి మేకుకే ఉంటది గద. నువ్వు పనికి వోంగనే నేను పోయి తెచ్చుకుంట."

"మరి నాకొక్క మాట చెప్పలేదేంది? డిండోలిలో ఎవరూ చదవరని నేను ఎంత బాధపడుతుంటి!"

చిన్నమ్మ నా చొక్కా మీద ఏదో గీకుతూ, నొచ్చుకోకు అన్నట్టు నెమ్మదిగా చెప్పింది. "జెప్తె నువ్వు చెప్పుడు మొదలువెడ్తవ్ గద బిడ్డా. మల్ల నేను సదువుడెప్పుడు?"

ఇది జరిగిన కథ. గూడ్సు బండి లేదు, పేలుడు లేదు. ట్యాంకును ఆ రోజే సుబేదార్ సాబ్ అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు నేను మాస్టరుగా ఉన్న ఖాతాలో కొత్త రకం మగ్గాలు వచ్చాయి, చప్పుడు కొంచెం తక్కువ. నేను చెప్పేది వినబడుతుంది. అందువల్లనేమో ఈ మధ్య తక్కువ చెబుతున్నాను. మండలి గదికి వెళ్తే చదువుకునేవాళ్లు కనపడతారు. వాళ్లలో ఎవరైనా పుస్తకం తెరిచిన మరుక్షణం పక్కవాడికి పాఠం మొదలుపెడితే, నాకు ఎక్కడో చూసిన మనిషిలా అనిపించి నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకే కొంచెం దిగులు కూడా. అంత నమ్మకంతో, అంత గట్టిగా, ఏమీ తెలియకుండా మాట్లాడటం ఇప్పుడు నాకు చేతకాదు.

ఈ పనిలో సాయపడినవాళ్లందరికీ కృతజ్ఞతలు చెప్పుకోవాలి. సమయానికి అబద్ధం దొరికిన కండెకు. ఆ అబద్ధాన్ని నిజం చేసిన సుబేదార్ సాబ్‌కు. గొర్రెను చూసి కూడా గది ఖాళీ చేయమనని మాస్టరుకు. బాల్కనీ త్యాగం చేసిన ప్రెసిడెంటు మామకు, ఆ త్యాగం చేయించిన అత్తకు. తన వంతు కథ ఇప్పటికీ పెంచి పోషిస్తున్న కాకకు. చివరగా చిన్నమ్మకు. ఇదంతా రాసి ఆమెకు చదవమని ఇచ్చాను. ఇప్పుడు ఆమె వేలు పెట్టకుండానే చదువుతుంది. ఒక్కచోట కూడా ఆగకుండా చివరి దాకా చదివి, కళ్లద్దాలు తీసి, "గీ పోరడు మంచోడే గని, జర తక్కువ మాట్లాడితే బాగుండు" అంది. నిజమే చిన్నమ్మా. కాని వాణ్ని ఈ కొన్ని పేజీలైనా మాట్లాడనిద్దామనిపించింది.